చేదే దాని సొగసు

పోపుగా ఉండి 1285లో కాలం చేసిన నాలుగవ మార్టిన్ గారిని ఇటలీ మహాకవి డాంటే తన ‘డివైన్ కామెడీ’లో ప్రాయశ్చిత్త లోకానికి పంపించాడు. ఆయన చేసిన పాపమల్లా తిండి యావ! బోల్సేనా సరస్సులోని పాముచేపలనూ, వెర్నాచ్చా అనే ద్రాక్షాసవాన్నీ మితిమీరి ఆరగించినందుకు అక్కడ ఉపవాసంతో చిక్కిపోయి కనిపిస్తారాయన.

ఆ రోజుల్లో వెర్నాచ్చా అనే పేరు ఒకటి కంటె ఎక్కువ చోట్ల ఉండేది. ఇవాళ ఆ పేరు వినగానే ఎక్కువమందికి గుర్తుకు వచ్చే ఊరు మాత్రం టస్కనీ సీమలోని శాన్ జిమిన్యానో. ఫ్లారెన్సుకు నైరుతిగా కొండమీద ఉన్న చిన్న ఊరది. ఒకప్పుడు అక్కడి భాగ్యవంతులు పోటీపడి 72 బురుజులు కట్టించారట. ఇప్పుడు 14 మిగిలాయి. ఊరికి సిరి తెచ్చిన సరుకుల్లో కుంకుమపువ్వు ఒకటి. ఈ వైను పేరు 1276 నాటి పన్నుల లెక్కల్లోనే ఉంది.

1348లో వచ్చిన ప్లేగుతో ఊరి వైభవం సన్నగిల్లింది. తరువాతి కాలంలో రైతులు ఈ తీగను వదిలి, ఎక్కువ కాపునిచ్చే ట్రెబియానో, మాల్వాజియా రకాలకు మళ్ళారు. చుట్టూ చూస్తే కియాంతి వంటి ఎర్ర వైన్ల రాజ్యం. మధ్యలో ఈ తెల్లవైను మాసిపోవలసినదే. కాని 1963లో ఇటలీ ప్రభుత్వం వైన్ల పేర్లకు చట్టరక్షణ కల్పించింది. 1966లో తొలిగా ఆ గుర్తింపు పొందిన వాటిలో ఇది ఒకటి. 1993లో పైశ్రేణి గుర్తింపు కూడా దక్కింది. ఆ పేరు సీసామీద వేయాలంటే ద్రాక్ష ఆ ఊరి పొలిమేరల్లోనే పండాలి. అందులో నూటికి 85 పాళ్ళకు తగ్గకుండా వెర్నాచ్చా ఉండాలి. 2017లో మన బంగినపల్లి మామిడికి వచ్చిన భౌగోళిక గుర్తింపు వంటిదన్నమాట.

మద్యం మాటెత్తితేనే మొహం చిట్లించే పెద్దలున్న ఇళ్ళు మనవి. సీసా కొనమని చెప్పడం నా ఉద్దేశం కాదు. తిండితో పొత్తు కుదిరిన పానీయం ఎలా ఉంటుందో చెప్పాలనే నా తాపత్రయం.

ఆ ఊళ్ళో నేను రుచి చూసిన వెర్నాచ్చా లేత గడ్డిరంగులో ఉంది. తీపి లేదు. మొదట పులుపు తగిలింది. పూలవాసన లీలగా సోకింది. గుటక దిగాక, బాదంపప్పు పొట్టు నమిలినట్టు సన్నని చేదు మిగిలింది. వట్టిగా తాగితే ఆ చేదు అందరికీ కొరుకుడు పడదు. అక్కడివారు దానిని చల్లబరచి, సుమారు 10, 12 డిగ్రీల దగ్గర, భోజనంతో పుచ్చుకుంటారు.

టస్కనీ రొట్టెలో ఉప్పు వెయ్యరు! ఆ చప్పిడి రొట్టెను టమాటాలతో, ఆలివ్ నూనెతో ముద్దగా ఉడికిస్తారు. ఉడికిన తెల్ల చిక్కుడు గింజల మీద ధారాళంగా నూనె పోస్తారు. గొర్రెపాలతో చేసే పెకొరీనో చీజు, వేయించిన చేప, కోడిమాంసం కూడా ఉంటాయి. వీటన్నిటికీ ఇది జోడు. నూనె నాలుకమీద పొరలా కూర్చుంటే పులుపు దాన్ని కడిగేస్తుంది. చేదు ఆ రుచికి ముగింపు పలికి, మరో ముద్దకు నోటిని సిద్ధం చేస్తుంది. గుత్తివంకాయ కూర తిన్నాక మనకు చారు చేసే ఉపకారం ఇటువంటిదే. నిప్పులమీద కాల్చిన బరువైన మాంసాల ముందు మాత్రం ఇది నిలవదు. అక్కడ ఎర్రవైనుదే పెత్తనం.

ఇక మిగిలిన 15 పాళ్ళు. చిక్కంతా అక్కడే ఉంది. కొందరు వేరే ద్రాక్షలు కలిపీ, ఓకు పీపాల్లో నిలవచేసీ ఆ చేదును మెత్తబరుస్తారు. చట్టం అందుకు ఒప్పుకుంటుంది. కాని అలా నునుపు చేసినకొద్దీ అది ఎక్కడైనా దొరికే తెల్లవైనుల్లో ఒకటైపోతుందని నా అభిప్రాయం. చట్టం కాపాడగలిగేది పేరునే. చేదును కాపాడవలసినవారు దాన్ని పండించే రైతూ, ఆ చేదు కోసమే అడిగి తెప్పించుకునే భోక్తాను.