ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీను: మారుతి అనుభవం

ఒక దేశంలో ఫలించిన మానవ వనరుల విధానాన్ని మరొక దేశానికి తీసుకువెళితే అందులో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు? మారుతి ఉదాహరణతో పరిశీలిద్దాం.

1982లో జపాన్‌కు చెందిన సుజుకితో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరులో గుర్‌గావ్ కర్మాగారం నుంచి మొదటి కారు బయటికి వచ్చింది. అక్కడ కార్మికుడికీ మేనేజింగ్ డైరెక్టరుకూ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీను. మన దేశంలో ఇది చిన్న మార్పు కాదు. గీర్ట్ హాఫ్‌స్టెడ్ రూపొందించిన అధికార దూర సూచికలో భారత్ విలువ 77, జపాన్ విలువ 54. అంటే పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య అంతరాన్ని సహజమని అంగీకరించే ధోరణి మన వద్ద ఎక్కువ. అలాంటిచోట ‘సారు’ కూడా పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడ్డారు!

అయితే సూచిక దగ్గరే ఆగితే మీకు సగమే తెలుస్తుంది. జపాన్ పెద్ద కంపెనీలలో ఈ పద్ధతులకు దన్నుగా దీర్ఘకాలిక ఉద్యోగ భద్రత ఉండేది. మారుతికే చెందిన మానేసర్ కర్మాగారంలోనో, శాశ్వత కార్మికుల పక్కనే కాంట్రాక్టు కార్మికులు అదే పనిని తక్కువ వేతనానికి చేసేవారు. 2011లో అక్కడ సమ్మెలు జరిగాయి. 2012 జులై 18న జరిగిన హింసలో మానవ వనరుల విభాగపు జనరల్ మేనేజరు మరణించారు. తక్షణ కారణంపై యాజమాన్యం, కార్మికులు వేర్వేరు కథనాలు చెప్పారు. దీనిని కేవలం సంస్కృతుల ఘర్షణగా వివరించడం నా దృష్టిలో సరికాదు. ఆ తరువాత కంపెనీ ఉత్పత్తి పనులకు కాంట్రాక్టర్ల ద్వారా మనుషులను తీసుకోవడం మాని, తాత్కాలిక కార్మికులను తానే నేరుగా నియమించుకోసాగింది.