బోరు నీళ్లను గంటగంటకూ కొలిచే పరికరం

తెలంగాణలోనూ రాయలసీమలోనూ నేల కింద చాలా మేరకు ఉన్నది గ్రానైటు, నైస్ వంటి గట్టి రాయి. ఆ రాతిలో నీళ్లు నిలిచేది పైన శిథిలమైన పొరలోనూ లోపలి పగుళ్లలోనూ మాత్రమే. నిలిచే చోటు తక్కువ కాబట్టి బోర్లలో నీటిమట్టం ఎంతో చురుగ్గా పైకీ కిందికీ కదులుతుంది. ఇలాంటి రాతి నేలలో, ఘనపరిమాణంలో సాధారణంగా ఒకటి నుంచి మూడు శాతం నీళ్లే మనకు దక్కుతాయి. రెండు శాతం అనుకుని లెక్క వేద్దాం. 20 మిల్లీమీటర్ల వాననీరు భూగర్భానికి చేరితే మట్టం మీటరు పైకి వస్తుంది. ఎకరం నేల కింద మట్టం మీటరు పడిపోయిందంటే తోడేసిన నీళ్లు దాదాపు 80 వేల లీటర్లు.

ఇంత తొందరగా మారే మట్టాన్ని మనం ఎన్నిసార్లు కొలుస్తున్నాం? కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలన బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు కొలవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. తెలుగు రాష్ట్రాల భూగర్భ జల శాఖలు నెలకోసారి కొలుస్తాయి. ఆ కొలతలు లేకపోతే దశాబ్దాల ధోరణి మనకు తెలిసేదే కాదు. కానీ రెండు కొలతల నడుమ ఏం జరిగిందో అవి చెప్పలేవు. కొలిచే ముందు గంటసేపు పక్క పొలంలో మోటారు ఆడిందా? మొన్నటి వాన ఎన్నో రోజున కిందికి చేరింది? మోటారు ఆపాక మట్టం కోలుకోవడానికి ఎంతసేపు పట్టింది? వీటికి జవాబు చెప్పేది బ్యాటరీతో పనిచేసే పీడన డేటా లాగర్. ప్రపంచ బ్యాంకు సాయంతో 1995లో మొదలైన హైడ్రాలజీ ప్రాజెక్టు కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరిశీలన బావుల్లోకి ఇలాంటి డిజిటల్ పరికరాలు వచ్చాయి. ఇప్పుడు విద్యార్థులూ, స్వచ్ఛంద సంస్థలూ, కొందరు రైతులూ కూడా వీటిని వాడుతున్నారు. వాడకం కష్టం కాదు. అయితే మొదటి రోజు శ్రద్ధ పెట్టకపోతే ఆ తర్వాత ఏడాది పొడవునా పోగయ్యే అంకెలన్నీ పనికిరాకుండా పోతాయి.

పీడనం నుంచి లోతు

బావిలో ఈత నేర్చినవాళ్లకు ఈ పరికరం సూత్రం ఒంటికి తెలుసు. లోపలికి మునిగేకొద్దీ చెవుల మీద ఒత్తిడి పెరుగుతుంది. పైనున్న నీళ్ల బరువే ఆ ఒత్తిడి. బావి వెడల్పుతో దానికి పనిలేదు, లోతు ఒక్కటే లెక్క. ఒక మీటరు నీటి మట్టానికి పీడనం సుమారు 98 హెక్టోపాస్కల్స్. అంటే ఒక హెక్టోపాస్కల్ దాదాపు ఒక సెంటీమీటరు నీటికి సమానం. ఈ ఒక్క లెక్క గుర్తుంటే లాగర్ చెప్పే విషయం సగం అర్థమైనట్టే.

లాగర్ చూడటానికి స్టీలు గొట్టంలా, జానెడు పొడవుంటుంది. దాని కొసన సిలికాన్‌తో గానీ సిరామిక్‌తో గానీ చేసిన పలుచని పొర ఉంటుంది. నీటి ఒత్తిడికి ఆ పొర కంటికి కనబడనంత వంగుతుంది. ఆ వంపుకు తగ్గట్టు సెన్సర్ ఇచ్చే విద్యుత్ సంకేతం మారుతుంది. లోపలి చిప్ దాన్ని అంకెగా మార్చి, తేదీ, సమయం చేర్చి, మెమరీలో దాచుకుంటుంది. చాలా లాగర్లు నీటి ఉష్ణోగ్రతను కూడా నమోదు చేస్తాయి. కొలత అయ్యాక పరికరం మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. చిన్న బ్యాటరీతో ఏళ్ల తరబడి నడవడంలోని కిటుకు అదే.

నీళ్ల మీద గాలి బరువు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బోరులోని నీళ్ల మీద గాలి కూడా ఉంది. ఆ గాలికీ బరువుంది. సముద్రమట్టం దగ్గర అది సుమారు 1013 హెక్టోపాస్కల్స్, హైదరాబాద్ ఎత్తులో సుమారు 950. అంటే పది మీటర్లకు కాస్త తక్కువ నీటి మట్టమంత బరువన్నమాట. నీళ్లలో వేలాడే సెన్సర్ మీద ఈ రెండు బరువులూ కలిసి పడతాయి.

గాలి బరువు స్థిరంగా ఉంటే ఒకసారి తీసివేసి ఊరుకునేవాళ్లం. అది రోజూ మారుతుంది. మన అక్షాంశాల్లో వాతావరణ పీడనం ఉదయం పది గంటల ప్రాంతంలోనూ రాత్రి పది గంటల ప్రాంతంలోనూ పెరుగుతుంది. తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గు మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ దాకా ఉంటుంది. గాలి లెక్క తీసెయ్యకపోతే బోరులో నీళ్లు రోజుకు రెండుసార్లు మూడు నాలుగు సెంటీమీటర్లు పెరిగి తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. అల్పపీడనం, వాయుగుండం, తుపాను వస్తే తప్పు ఇంకా పెద్దదవుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను కేంద్రంలో పీడనం సుమారు 950 హెక్టోపాస్కల్స్‌గా వాతావరణ శాఖ అంచనా వేసింది. అలాంటి రోజు కుండపోత కురుస్తుంటే, గాలి లెక్క తియ్యని లాగర్ మాత్రం నీళ్లు అర మీటరు పడిపోయాయని రాసుకుంటుంది.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. మొదటిది గాలిగొట్టం ఉన్న లాగర్. దాని కేబుల్ లోపల సన్నని గొట్టం సెన్సర్ వెనక భాగాన్ని బయటి గాలితో కలుపుతుంది. గాలి బరువు రెండు వైపులా పడి కొట్టుకుపోతుంది. నీళ్ల బరువే మిగులుతుంది. కానీ ఆ గొట్టంలోకి తేమ చేరకూడదు. పై కొసన తేమను పీల్చే గుళికల డబ్బా ఉండాలి. గుళికల రంగు మారితే కొత్తవి వెయ్యాలి. కేబుల్ మడత పడితే గొట్టం మూసుకుపోతుంది.

రెండో రకం పూర్తిగా మూసేసిన లాగర్. ఇది నీళ్లనూ గాలినీ కలిపే కొలుస్తుంది. దీనికి తోడుగా గాలిని మాత్రమే కొలిచే మరో లాగర్ ఉండాలి. దాన్ని బోరు కేసింగ్ పై భాగంలో, నీళ్లు ఎప్పటికీ అందని చోట, ఎండ తగలకుండా వేలాడదీస్తారు. ఎత్తుల్లో పెద్ద తేడా లేని ప్రాంతమైతే 20, 30 కిలోమీటర్ల పరిధిలోని బోర్లకు ఒక్క గాలి లాగర్ సరిపోతుంది. మన తేమకూ వానలకూ ఈ రెండో పద్ధతి తక్కువ ఇబ్బంది పెడుతుంది. అయితే రెండు లాగర్ల గడియారాలూ ఒకే సమయం చూపాలి, రెండూ ఒకే క్షణాన కొలవాలి.

ఏ రేంజ్, ఏ బ్యాటరీ

లాగర్లు 10, 20, 50, 100 మీటర్లు ఇలా రకరకాల రేంజ్‌లలో దొరుకుతాయి. ఎక్కువ రేంజ్ కొంటే ఎప్పటికైనా పనికొస్తుందనుకోవడం పొరపాటు. కచ్చితత్వాన్ని తయారీదారులు సాధారణంగా మొత్తం రేంజ్‌లో శాతంగా చెబుతారు. 0.1 శాతం అంటే 20 మీటర్ల లాగర్‌లో రెండు సెంటీమీటర్ల తేడా, 100 మీటర్ల లాగర్‌లో పది సెంటీమీటర్ల తేడా. అలాగని మరీ చిన్న రేంజ్ తీసుకుంటే, మంచి వానల ఏడాది నీళ్లు పైకొచ్చి ఒత్తిడి హద్దు దాటితే సెన్సర్ పొర పాడైపోవచ్చు. నడి వేసవిలో మట్టం ఎంత లోతుకు పోతుంది, వానల తర్వాత ఎంత పైకి వస్తుంది అని ముందు ఊళ్లో అడిగి తెలుసుకోవాలి. ఆ రెంటికీ మధ్య తేడాకు కొంత కలుపుకుని రేంజ్ ఎంచుకోవాలి.

చాలా లాగర్లలో ఉండేది 3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్. వాడకపోయినా ఏడాదికి ఒక శాతం మేరకే దాని శక్తి తరుగుతుంది. కొన్ని సైజులు మన గడియారాల్లో వేసే పెన్సిల్ సెల్‌లాగే ఉంటాయి. వోల్టేజి వేరు కాబట్టి ఒకదాని బదులు మరొకటి వెయ్యకూడదు. దీన్ని చార్జింగ్ పెట్టడానికి ప్రయత్నించకూడదు, రెండు కొసల్నీ లోహంతో కలపకూడదు. సెల్ మార్చే ముందు డేటా దించుకోవడం తప్పనిసరి. మార్చాక గడియారం సరిచూడాలి. మూతలోని రబ్బరు రింగును తుడిచి, సిలికాన్ గ్రీజు రాసి బిగించాలి. ఆ రింగు మీద ఒక్క ఇసుక రేణువున్నా నీళ్లు లోపలికి చేరతాయి. పాత సెల్‌ను పొలంలో పారెయ్యకుండా ఈ-వ్యర్థాలు సేకరించేవాళ్లకు ఇవ్వాలి.

దించేముందు కంప్యూటర్ దగ్గర

మొదట గడియారాన్ని భారత ప్రామాణిక కాలానికి సరిచెయ్యాలి. బోరుకు స్పష్టమైన పేరు పెట్టాలి. తర్వాత ఎంతసేపటికి ఒకసారి కొలవాలో నిర్ణయించాలి. గంటకోసారి అయితే ఏడాదికి 8,760 కొలతలు, నిమిషానికోసారి అయితే 5,25,600. ఏడాది పొడవునా గమనించడానికి గంటకోసారి చాలు. బోరు సామర్థ్యం తేల్చే పంపింగ్ పరీక్షకు మొదట్లో సెకన్ల చొప్పున, తర్వాత నిమిషాల చొప్పున కావాలి. కొలత తీయడానికి ఖర్చయ్యే శక్తి చాలా తక్కువ. సెల్‌ఫోన్ నెట్‌వర్క్ ద్వారా డేటా పంపే పరికరాల్లో బ్యాటరీని ఎక్కువగా తినేది ఆ పంపడమే.

మెమరీ నిండితే ఏం చెయ్యాలో కూడా ముందే చెప్పాలి. కొత్త కొలతలు ఆపెయ్యాలా, పాతవి చెరిపి రాయాలా అని చాలా లాగర్లు అడుగుతాయి. తిరిగి వెళ్లడం ఆలస్యమయ్యే చోట ఈ ఎంపిక కీలకం. కొలతలు సరిగ్గా గంట కొట్టినప్పుడు మొదలయ్యేలా ఆలస్య ప్రారంభం పెట్టుకుంటే గాలి లాగర్‌తో జత కుదర్చడం తేలిక.

మొదటి అరగంట

పరిశీలన బావి ప్రభుత్వానిదైతే భూగర్భ జల శాఖ అనుమతి తీసుకోవాలి. మోటారున్న బోరైతే కరెంటు ఆపిన తర్వాతే చెయ్యి పెట్టాలి. మోటారు పైపుకూ కేబుల్‌కూ చుట్టుకోకుండా లాగర్‌ను విడిగా దించిన సన్నని పీవీసీ గొట్టంలోంచి దించడం క్షేమం. తుప్పు పట్టని, సాగని స్టీలు తీగ వాడాలి. నైలాన్ తాడు సాగుతుంది, అది సాగినంత మేరా మట్టం తప్పుతుంది.

కేసింగ్ అంచున ఒక చోట చెరగని రంగుతో గీత గియ్యాలి. ఇక మీదట కొలతలన్నీ ఆ గీత నుంచే. నేల మీద నుంచి ఆ గీత ఎంత ఎత్తులో ఉందో రాసుకోవాలి. లాగర్‌ను వేసవి మట్టం కన్నా కిందికి దించి, తీగను గట్టిగా కట్టి, నీటి ఉష్ణోగ్రతకు అలవాటు పడటానికి కొంతసేపు వదలాలి. తర్వాత, నీళ్లు తగిలితే బీప్ మనే టేపుతో మట్టాన్ని చేత్తో కొలవాలి. ఒకటికి రెండుసార్లు కొలిచి, సమయంతో సహా పుస్తకంలో రాయాలి.

ఆ కొలత ఎందుకో ఒక ఉదాహరణ చూద్దాం. లాగర్ 22.40 మీటర్ల నీటికి సమానమైన పీడనం చూపింది. అదే క్షణాన గాలి లాగర్ 9.70 చూపింది. తేడా 12.70 మీటర్లు. అది సెన్సర్ మీదున్న నీళ్లు. టేపు ప్రకారం గీత నుంచి నీళ్లు 18.30 మీటర్ల లోతున ఉన్నాయి. రెండూ కలిపితే సెన్సర్ 31.00 మీటర్ల లోతున ఉందని తేలుతుంది. రేపు సెన్సర్ మీద 11.50 మీటర్ల నీళ్లే ఉంటే మట్టం 19.50 మీటర్లకు దిగిందని అర్థం. తీగ పొడవును కొలిచి నమ్మడం కన్నా ఈ పద్ధతి మేలు. అంటే లాగర్ చెప్పే ప్రతి అంకెకూ ఆధారం మనిషి చేత్తో కొలిచిన ఆ ఒక్క కొలతే.

గ్రాఫ్ చెప్పే సంగతులు

రెండు మూడు నెలలకోసారి వెళ్లి డేటా దించుకుంటే బోరు స్వభావం గీతల్లో కనిపిస్తుంది. నిటారుగా కిందికి పడిన గీత మోటారు వేసిన క్షణం. వంపు తిరిగి మెల్లగా పైకెక్కేది కోలుకునే తీరు. ఆ వంపు మరీ నిదానంగా ఉంటే పగుళ్లలోంచి ఊట తక్కువని తెలుస్తుంది. మన మోటారు ఆగి ఉన్నా మట్టం పడుతుంటే పక్క బోరు ప్రభావం మీద చూపు సారించాలి. వాన పడిన తేదీకీ మట్టం లేచిన తేదీకీ మధ్య ఎడం, నీళ్లు ఇంకే దారి ఎంత పొడవో చెబుతుంది. లోతైన పగుళ్లలో బంధించి ఉన్న నీటిలో, గాలి లెక్క తీసేశాక కూడా రోజుకు రెండు చిన్న అలలు కనిపించవచ్చు. అవి పరికరం తప్పు కాదు, గాలి ఒత్తిడికి ఆ బోరు నిజంగా స్పందించడమే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మహారాష్ట్రలోని కొయ్నా ప్రాంతపు బోర్లలో ఇలాంటి కొలతలతోనే భూకంపాలకు నీటిమట్టం ఎలా కదులుతుందో పరిశీలించారు.

కొన్ని గీతలు మోసం కూడా చేస్తాయి. వేసవిలో రోజుల తరబడి మట్టం కదలకుండా చదునుగా ఉంటే సంతోషించకూడదు. నీళ్లు సెన్సర్ కన్నా కిందికి పోయి, లాగర్ గాలినే కొలుస్తూ ఉండవచ్చు. ఉన్నట్టుండి గీత మెట్టులా పైకో కిందికో జరిగి అక్కడే నిలిచిపోతే తీగ జారిందని అనుమానించాలి. అందుకే వెళ్లిన ప్రతిసారీ లాగర్‌ను కదిపే ముందే టేపుతో కొలవాలి. టేపుకూ లాగర్‌కూ తేడా క్రమంగా పెరుగుతుంటే సెన్సర్ మెల్లగా దారి తప్పుతోందని అర్థం. తర్వాత దాన్ని సరిచేసుకోవచ్చు. టేపు కొలత లేకపోతే తప్పు జరిగిందనే తెలియదు.

ఈ అంకెలు ఎవరికి కావాలి? ఏడు కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో నడిచిన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భ జల నిర్వహణ ప్రాజెక్టులో వందలాది గ్రామాల రైతులు స్వయంగా వానను, నీటిమట్టాన్ని కొలిచారు. రబీకి ముందు కూర్చుని నీటి బడ్జెట్ వేసుకుని, ఏ పంటకు ఎన్ని నీళ్లని లెక్క చూసుకున్నారు. వాళ్ల దగ్గర అప్పుడున్నవి టేపులూ వానమాపకాల వంటి సాధారణ పరికరాలే. ఆ పనికి ఇవాళ లాగర్ కూడా తోడైతే, ఊరి బోరు ఏ నెలలో అలసిపోతుందో ముందే తెలుస్తుంది. ఇంజినీరింగు, వ్యవసాయ కళాశాలలు తమ చుట్టుపక్కల ఒక్కో ఊరిని ఎంచుకుని ఒక్క బోరులోనైనా లాగర్ దించాలి. యాసంగి పంటలు వేసే ముందు ఆ గ్రాఫ్‌ను గ్రామ పంచాయతీ గోడ మీద అంటించాలి. దాని పక్కనే టేపుతో కొలిచిన తేదీలూ అంకెలూ రాసి ఉండాలి. అప్పుడే ఆ గీతను రైతు నమ్ముతాడు, నమ్మితేనే ఏ పంట వెయ్యాలో దాన్ని చూసి తేల్చుకుంటాడు.