ఓనమాలు దిద్దించు చేతికెన్ని పట్టాలు?

కృష్ణానది సముద్రమున కలియబోవు దివిసీమయందు అవనిగడ్డ యను ఊరు కలదు. 1977 నాటి ఉప్పెన కారణమున ఆ సీమ పేరు వినని తెలుగువాడు అరుదు. కాని గడచిన కొన్ని దశాబ్దములుగా ఆ ఊరికి మరియొక ప్రసిద్ధి అబ్బినది. ఉపాధ్యాయ నియామకముల డి.ఎస్సీ. ప్రకటన వెలువడునన్న వదంతి పుట్టినంతనే దూరపు జిల్లాల పల్లెలనుండి సైతము యువతీయువకులు పెట్టెబేడా సర్దుకొని వచ్చి, అద్దెగదులలో ఇరుకిరుకుగా సర్దుకొని, తెల్లవారుజాము మొదలు ప్రొద్దుపోవువరకు బిట్లు వల్లెవేయుచుందురు. ఒకటవ తరగతి బిడ్డచేత అక్షరము దిద్దించు కొలువునకై ఇంతటి తపస్సా యని నవ్వువారు లేకపోలేదు. నాకు నవ్వు రాదు. ఆ కొలువు అంతటి తపస్సునకు తగినదే. నా సందేహమెల్ల ఆ తపస్సు ఏ దైవమును గూర్చి జరుగుచున్నదను విషయముననే.

మార్గము పైకి చూచిన సరళముగనే తోచును. ఇంటర్మీడియటులో నూటికి 50 మార్కులు, షెడ్యూల్డు కులములు తెగలవారైనచో 45, పొంది, 17 సంవత్సరములు నిండినవారు డీఈఈసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాసి, 1986 నాటి జాతీయ విద్యావిధానము పుణ్యమా యని జిల్లాజిల్లాకు వెలసిన డైట్ కళాశాలయందుగాని, ప్రైవేటు శిక్షణ కళాశాలయందుగాని రెండేండ్లు చదివినచో డి.ఎల్.ఎడ్. పట్టా చేతికి వచ్చును. పెద్దలు దానిని నేటికిని టి.టి.సి. యనియే పిలుతురు. మదరాసు రాజధాని నాళ్లలో లోయర్ ఎలిమెంటరీ, హయ్యర్ ఎలిమెంటరీ, సెకండరీ అను మూడు గ్రేడుల పంతుళ్లుండెడివారు. నేడు ఐదవ తరగతివరకు బోధించు సెకండరీ గ్రేడు టీచరు, అనగా ఎస్.జి.టి., ఆ మూడవ గ్రేడునకు వారసుడు.

పూర్వము శిక్షణ ముగిసినచో ఉద్యోగపరీక్ష యొక్కటే మిగిలియుండెడిది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 23వ సెక్షను ఉపాధ్యాయుల కనీసార్హతలను నిర్ణయించు భారమును కేంద్రము నియమించిన సంస్థకు అప్పగింపగా, ఆ అధికారము పొందిన జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010 ఆగస్టు 23న టెట్ అను అర్హతాపరీక్షను నడుమ నిలిపినది. ఒకటి మొదలు ఐదు తరగతులకు బోధింపదలచువారు వ్రాయు మొదటి పేపరులో 150 ప్రశ్నలు. శిశువికాసము, రెండు భాషలు, గణితము, పరిసరాల విజ్ఞానము ఒక్కొక్కటికి ముప్పదేసి. ఓపెన్ కేటగిరీవారికి 90, వెనుకబడిన తరగతులవారికి 75, షెడ్యూల్డు కులములు, తెగలు, దివ్యాంగులకు 60 మార్కులు వచ్చిన చాలును. ఒకప్పుడు ఏడేండ్లకే చెల్లిపోవు ఆ ధ్రువపత్రము 2021 నుండి జీవితాంతము చెల్లుచున్నది. పిదప డి.ఎస్సీ.; అందు వ్రాతపరీక్షకు 80, టెట్ మార్కులకు 20 పాళ్లు.

ఇందొక విచిత్రము కలదు. టెట్ కొరకు సిద్ధపడు అభ్యర్థి మనస్తత్వవేత్త పియాజె సిద్ధాంతమును కంఠస్థము చేయును. శిశువు కేవలము వినికిడివలన గాక చేతితో తాకి, విప్పి, పోసి, ఆడి లోకమును గ్రహించునని అతడు చదువును. చదివి, దానిని నాలుగు జవాబులలో ఒకటిగా గుర్తుపట్టుటకై నూరుమార్లు వల్లెవేయును. వల్లెవేత కూడదని వల్లెవేయు ఈ చదువులో తప్పు అభ్యర్థిది కాదు, తూకమువేయు తక్కెడది. టెట్టునందుగాని డి.ఎస్సీ.యందుగాని అభ్యర్థిని పదిమంది పిల్లల నడుమ కూర్చుండబెట్టి, ఏడ్చు బిడ్డను ఊరడించునా, కసరునా, కథ చెప్పునప్పుడు కన్నులు పిల్లలవైపు నుండునా, పుస్తకమువైపు నుండునా యని పరికించు ఘట్టమే లేదు. శిక్షణకాలమున బడికి పంపి పాఠములు చెప్పించుట యున్నది, నిజమే. కాని అక్కడి మంచిచెడ్డలకు ఉద్యోగమిచ్చువేళ ఒక్క మార్కైనను విలువ లేదు.

ఇక న్యాయస్థానముల కథ. బి.ఇడి. చదివినవారు ఉన్నతపాఠశాలకు శిక్షణ పొందినవారు. ఐనను అచ్చటి స్కూల్ అసిస్టెంటు ఖాళీలు తక్కువ, ఎస్.జి.టి. ఖాళీలు ఎక్కువ యగుటచే వారి చూపు చిన్నబడిపైకి మరలుట సహజమే. 2010 నాటి ప్రకటన వారికి 2012 జనవరి 1 వరకు తాత్కాలికముగా తలుపు తెరచి, ఆపై మూసినది. 2018 జూన్ 28న మండలి ఆ తలుపును మరల తెరచి, కొలువులో చేరిన రెండేండ్లలో ఆరునెలల బ్రిడ్జికోర్సు చదివిన చాలునన్నది. రాజస్థానమునుండి బయలుదేరిన వ్యాజ్యము సుప్రీంకోర్టు చేరగా, 2023 ఆగస్టు 11న న్యాయమూర్తులు ఆ ప్రకటనను కొట్టివేసిరి. పసివారికి బోధించు నేర్పు వేరు, పెద్దపిల్లలకు బోధించు నేర్పు వేరు. నాణ్యత లేని ప్రాథమికవిద్య హక్కు అనిపించుకొనదనుట ఆ తీర్పు సారాంశము. అంతకుముందే నియమితులైనవారికి మాత్రము పిమ్మట రక్షణ లభించినది. తెలుగునాట ఈ తగవునకు మునుపే వేళ్లు కలవు. 2008 డి.ఎస్సీ.లో ఎస్.జి.టి. పోస్టుల పంపకమున నష్టపోయితిమన్న బి.ఇడి. అభ్యర్థులు నెరసిన తలలతో ఏండ్ల తరబడి తిరిగి తిరిగి, తుదకు కాంట్రాక్టు కొలువులతో తృప్తిపడవలసివచ్చినది. వారియెడ నాకు జాలి కలదు. తీర్పుయెడ గౌరవము కలదు. పదవ తరగతికి త్రికోణమితి చెప్పగలవాడు ఒకటవ తరగతికి సంకలనము చెప్పగలడనుకొనుట మన సమాజమున పాతుకొనిపోయిన భ్రాంతి. పది పుల్లల కట్టను విప్పి ఒక్కొక్కటిగా లెక్కించి మరల కట్టుట యెందుకో బిడ్డకు బోధపరచుట త్రికోణమితికన్న సులభమని, ఆ పని చేసినవాడెవ్వడును అనడు.

2025 సెప్టెంబరు 1న వచ్చిన మరియొక తీర్పు సర్వీసులోనున్నవారిని సైతము కదలించినది. పదవీవిరమణకు ఐదేండ్లకు మించి మిగిలియున్నవారు రెండేండ్లలో టెట్ నెగ్గవలయును; ఐదేండ్లలోపువారు నెగ్గకున్నను కొనసాగవచ్చునుగాని పదోన్నతి నాశింపరాదు. పాతికేండ్లు పాఠములు చెప్పిన పంతులమ్మ తన కూతురి మోడల్ పేపర్లను ముందిడుకొని కూర్చుండుట న్యాయమా యని అడిగినచో, చట్టదృష్టికి న్యాయమే యనవచ్చును. నాకు మాత్రము, ఆమె తరగతిలో ఒక దినము కూర్చుండి చూచి నిర్ణయించుట అంతకన్న మేలైన పరీక్ష యని తోచును.

మన్యపు ముచ్చట యొకటి ఇక్కడ చెప్పక తప్పదు. 2000 జనవరి 10 నాటి మూడవ నంబరు జీవో షెడ్యూల్డు ప్రాంతముల ఉపాధ్యాయ పదవులన్నిటిని స్థానిక గిరిజనులకే కేటాయించినది. నూటికి నూరు రిజర్వేషను చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. రాజ్యాంగచర్చ యట్లుండనిండు; కోయ మాటయో, సవర మాటయో తప్ప తెలుగు వినని బిడ్డ తొలినాడు బడికి వచ్చినప్పుడు ఆ మాటకు బదులు పలుకగల నాలుక యే పట్టాతో వచ్చునో ఏ ప్రకటనయు చెప్పుటలేదు.

ఇంతవరకు చెప్పినదెల్ల ఆరేండ్లు నిండిన పిల్లల గురువును గూర్చి. మూడు మొదలు ఆరేండ్లవరకు గల శిశువుల సంగతి చూడబోయినచో ఈ కోటగోడలన్నియు హఠాత్తుగా మాయమగును. రాజ్యాంగపు 21-ఎ అధికరణము ఆరునుండి పదునాలుగేండ్లవారికే విద్యను హక్కుగా నిచ్చినది. విద్యాహక్కు చట్టపు 11వ సెక్షను అంతకన్న చిన్నవారికై ప్రభుత్వము తగిన ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రమే పలికినది. చేయవలయును అనలేదు, కావున టెట్ లేదు, డి.ఎస్సీ. లేదు.

అక్కడ మిగిలినది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న ఆరంభమై దాని ద్వారా అందు సమగ్ర శిశు అభివృద్ధి సేవలు ఆరు. పూర్వప్రాథమిక విద్య వానిలో ఒకటి మాత్రమే. కార్యకర్తకు మన రాష్ట్రములలో చిరకాలముగా కోరుచువచ్చిన చదువు పదవ తరగతి. వివాహితయై ఆ ఊరనే నివసించుట రెండవ అర్హత. ఆమె తెల్లవారినది మొదలు బరువులు తూచును, గుడ్లు లెక్కించును, పాలు పంచును, గర్భిణులను పరామర్శించును, టీకాలకు పిలుచుకొనివచ్చును, సెల్‌ఫోనులో పోషణ్ ట్రాకరు నింపును. ఈ పనులన్నిటి నడుమ చిక్కిన వ్యవధిలో ఆటపాటలు సాగవలయును. ఇందులకు ఆంధ్రప్రదేశమున లభించుచు వచ్చిన గౌరవవేతనము నెలకు 11,500 రూపాయలు, తెలంగాణమున 13,650. ప్రక్కగదిలో ఒకటవ తరగతి చెప్పు ఎస్.జి.టి.కి చేరిననాటి మూలవేతనమే 30,000కు పైబడియుండును. 2023 డిసెంబరునుండి ఆంధ్రప్రదేశ అంగన్‌వాడీలు 42 దినములు సమ్మె చేసినది ఊరక కాదు. బిడ్డ యెంత చిన్నదైన గురువునకు అంత తక్కువ చదువు, అంత తక్కువ జీతము చాలునన్నది ఎవ్వరును వ్రాసిపెట్టని మన జాతీయ విధానము. మెదడు అత్యంత వేగముగా వికసించు ఏండ్లు అవియేనని మన ప్రభుత్వ పత్రములే నిరంతరము ఘోషించుచుండగా ఈ విధానము సాగుచున్నది.

పట్టా లేనివాడు గురువు కాజాలడని నేననను. భావనగరమున 1920లో బాలమందిరము స్థాపించిన గిజుభాయ్ బధేకా వృత్తిచేత వకీలు. ఏ శిక్షణ కళాశాల గడపయు త్రొక్కినవాడు కాదు. కాని ఆ వకీలే తరువాత శిశుబోధకులకై శిక్షణ నేర్పరచెను. శిశువిద్యావేత్త మారియా మాంటిసోరి 1939లో మదరాసు అడయారునకు వచ్చినదియు ముఖ్యముగా ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటకే. పసిపిల్లల బోధ కేవలము మాతృహృదయముతో గడచిపోవునను మాట ఈ మహనీయులెవ్వరును అనలేదు. జీతము తక్కువ యిచ్చువారే అనుచుందురు.

2020 జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్లవరకు ఒకే పునాదిదశగా కలిపినది. ఇంటరు చదివిన అంగన్‌వాడీ కార్యకర్తకు ఆరునెలల ధ్రువపత్రము, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా, 2030 నాటికి బడి యుపాధ్యాయులకు నాలుగేండ్ల సమగ్ర బి.ఇడి. అని అది పలికినది. ఆరునెలలకును నాలుగేండ్లకును నడుమ గల అగాధమును చూచినచో, ఆ రెండు కొలువులను ఒకే దశ యనుట మాటకు మాత్రమే యని నా అభిప్రాయము. డి.ఎల్.ఎడ్.వలె రెండేండ్ల శిక్షణయు, దానికి తగిన వేతనశ్రేణియు అంగన్‌వాడీకి చేరనంతకాలము పునాది యను మాట కాగితముననే నిలుచును.

ప్రైవేటు బడుల సంగతి తల్లిదండ్రుల చేతిలోనే కొంత యున్నది. గుర్తింపు పొందిన పాఠశాలలో నర్సరీ, ఎల్.కె.జి., యు.కె.జి. చెప్పువారు ఇంటరులో నూటికి 50 మార్కులతోపాటు పూర్వప్రాథమిక విద్యలో రెండేండ్ల డిప్లొమాగాని, నర్సరీ బి.ఇడి.గాని కలిగియుండవలయునని మండలి 2014 నిబంధనలలోనే వ్రాసియున్నది. జూన్ మాసమున బిడ్డ వ్రేలు పట్టుకొని బడికి పోవు పాఠకులారా, బస్సు ఎన్నింటికి వచ్చును, ఫీజు ఎన్ని వాయిదాలని అడుగుటకు ముందు, మా బిడ్డ తరగతి చూచు అమ్మాయి ఏ శిక్షణ పొందినది, ఆమెకు నెలకేమి యిచ్చుచున్నారని అడుగుడు.