విరిగింది వెన్నుపూస, మండేది అరికాలు

మా వాడలో తాపీ పనికి వెళ్లే బాబాయి ఒకాయన రెండో అంతస్తు నుంచి జారిపడ్డాడు. నడుం దగ్గర వెన్నుపూస విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు బిగించారు. నెల తిరిగేసరికి నడుం నొప్పి తగ్గింది గానీ, అరికాలిలో మంట మొదలైంది. "దెబ్బ నడుముకు కదా, కాలికి ఏమైంది?" అన్నారు ఆసుపత్రిలో. నటిస్తున్నాడన్నాడు కాంట్రాక్టరు.

అది నటన కాదు. వెన్నుపాము నడుం పైభాగంలోనే ముగుస్తుంది. అక్కడి నుంచి నరాలు గుర్రపు తోకలా విడిపోయి కిందికి దిగుతాయి. ఎల్5 నరం పాదం పైభాగానికి, బొటనవేలికి వెళ్తుంది. ఎస్1 నరం మడమకు, చిటికెన వేలికి వెళ్తుంది. విరిగిన ఎముక నరాన్ని నలిపితే, ఆ నరం చేరే చోట నొప్పి తెలుస్తుంది. రాడ్లు ఎముకను నిలబెడతాయి, నరాన్ని బాగుచేయవు. అది కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు.

మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం నరాల నొప్పి లక్షణాలు. మామూలు నొప్పి బిళ్లలు దీనికి పెద్దగా పనిచేయవు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటి మందులు వేరే ఉన్నాయి. వాటిని డాక్టరు రాస్తేనే వాడాలి, ఉన్నట్టుండి ఆపకూడదు.

అడుగు మోపగానే మడమలో పొడిచినట్టుంటే మరో అనుమానం రావాలి. ఎత్తు నుంచి కాళ్ల మీద పడినప్పుడు వెన్నుతోపాటు మడమ ఎముకా విరగొచ్చు. మంచం మీద ఉన్నన్నాళ్లూ అది బయటపడకపోవచ్చు. ఎక్స్‌రే అడగాలి.

స్పర్శ తగ్గిన పాదానికి కాపడం పెట్టొద్దు, కాలినా తెలియదు. మూత్రం బిగిసినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం కొత్తగా వాలిపోయినా, ఒక పిక్క వాచినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

నరం దెబ్బ ఎక్స్‌రేలో కనిపించదు. అందుకే కూలీ మాటను కొట్టిపారేయడం తేలిక, అందులోనూ వాడ నుంచి వచ్చిన కూలీ అయితే. వెళ్లిన ప్రతిసారీ పాదం నొప్పిని ఓపీ చీటీలో రాయించాలి. నరాల పరీక్ష అడగాలి. పరిహారానికి గడువులోపు దరఖాస్తు పెట్టాలి; 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కమిషనర్‌కు పెట్టాల్సి ఉండేది. తగ్గిన పనిశక్తిని బట్టి పరిహారం ఉంటుంది గనుక ఆ చీటీలే సాక్ష్యం.

బాబాయి గడువుకు నాలుగు నెలల ముందు దరఖాస్తు పెట్టాడు. మొదటి ఆరు నెలల చీటీల్లో పాదం ప్రస్తావనే లేదు. ఇప్పుడు ఎదుటివాళ్ల వకీలు పట్టుకున్నది దాన్నే.