వైజాగ్ కోట: ఫిరంగులు సముద్రం వైపు.. శత్రువు వచ్చింది మాత్రం వెనక నుంచి!

వైజాగ్ అనగానే బీచ్, పోర్టు, స్టీల్ ప్లాంట్ గుర్తొస్తాయి. మరి ఇక్కడ ఒక కోట ఉండేదని తెలుసా? వన్ టౌన్‌లోని కోటవీధికి ఆ పేరు ఊరికే రాలేదు.

1682లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ బట్టల వ్యాపారం కోసం స్థావరం పెట్టింది. ఏడేళ్లకే, 1689లో ఔరంగజేబు సేనలు దాన్ని స్వాధీనం చేసుకున్నాయి. అక్కడున్న కంపెనీ ఉద్యోగులను చంపేశాయి. మరుసటి ఏడాది తిరిగొచ్చిన కంపెనీ, ఆ దెబ్బతో గోడలు కట్టుకోవడం మొదలుపెట్టింది. అలా పుట్టిందే ఈ చిన్న కోట.

అయినా ముప్పు తప్పలేదు. 1757 జూన్‌లో ఫ్రెంచ్ సేనాని బుస్సీ భూమార్గంలో వచ్చి కోటను పట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి సీన్ రివర్స్ అయింది. విజయనగరం రాజు ఆనంద గజపతి ఫ్రెంచ్‌వాళ్లను వెళ్లగొట్టి, కోటను ఇంగ్లీషువాళ్లకు అప్పగించారు. ఆ తర్వాత కల్నల్ ఫోర్డ్ సైన్యం ఇక్కడే దిగింది. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచ్‌వాళ్లను ఓడించింది. కోస్తా ఆంధ్ర చరిత్ర మలుపు తిరిగింది అక్కడే.

మూడో దెబ్బ లోపలి నుంచే తగిలింది. హైదర్ అలీపై యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లాలని సిపాయిలకు ఆదేశం వచ్చింది. వాళ్లు ససేమిరా అన్నారు. 1780 అక్టోబరు 3న సుబేదార్ షేక్ అహ్మద్ నాయకత్వంలో తుపాకులు తిప్పారు. అధికారులను కాల్చి చంపి, ఖజానా పట్టుకుని వెళ్లిపోయారు. 1857 తిరుగుబాటుకు ఇది 77 ఏళ్ల ముందు మాట!

మరి సముద్రం వైపు నుంచి? 1804 సెప్టెంబరులో ఆ పరీక్ష కూడా వచ్చింది. ఫ్రెంచ్ అడ్మిరల్ లినోయి మూడు యుద్ధనౌకలతో విరుచుకుపడ్డాడు. అప్పట్లో ఇక్కడ లోతైన హార్బర్ లేదు. పెద్ద ఓడలు తీరానికి దూరంగానే లంగరు వేసేవి. బ్రిటిష్ నౌక సెంచూరియన్ ఒంటరిగా గంటల తరబడి పోరాడింది. ఒక వాణిజ్య నౌకను పట్టుకెళ్లిన లినోయి, సెంచూరియన్‌ను మాత్రం లొంగదీయలేకపోయాడు.

1933లో పోర్టు మొదలయ్యాక పెద్ద ఓడలు లోపలికి రాసాగాయి. ఇప్పుడు తీరానికి కాపలా తూర్పు నౌకాదళానిది. ఆనాటి కోట గోడలు లేవు. మిగిలింది ఒక వీధి పేరు. ఈసారి వన్ టౌన్ వైపు వెళ్తే, కోటవీధి బోర్డు దగ్గర ఒక్క నిమిషం ఆగండి.