పట్టు బిగిస్తేనే విడిపించుకోవడం వస్తుంది
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పాలంటే గాలిలో గుద్దులు చాలవు. మణికట్టు పట్టుకున్నవాడు నిజంగా బిగించి లాగినప్పుడే, వాడి బొటనవేలు వైపు చేయి తిప్పి ఒక్క ఊపున గుంజుకోవాలని శరీరానికి తెలుస్తుంది. 1882లో కొడోకాన్ జూడోను స్థాపించిన జిగోరో కానో రండోరి పేరుతో చేయించింది ఇలాంటి ఎదురుపట్టు సాధనే. 2021లో జూనియర్ జాతీయ కబడ్డీ పోటీలు జరిగిన సూర్యాపేటకు ఇది కొత్త కాదు. కబడ్డీలో రైడర్ చీలమండ దొరికితే ఏ డిఫెండరూ మర్యాదకు వదలడు.

ముందే నిర్ణయించిన కదలికల వరుసలైన కటాలు వృథా అనడం లేదు, వాటితో నిలకడ కుదురుతుంది. దెబ్బలు తగులుతాయన్న తల్లిదండ్రుల భయమూ న్యాయమైనదే. అందుకే మ్యాట్ పరిచి, పావు బలంతో మొదలుపెట్టి, చేత్తో తట్టగానే వదిలేసే నియమం పెట్టాలి. ఆ నియమం లేని శిక్షణకు పిల్లల్ని పంపకండి.