వేలములో ఆఖరి క్షణము

పాత వాల్వు రేడియో నొకదానిని ఇంటర్నెట్ వేలములో కొనగోరి, మేమొకమారు వారము దినములు కాచుకొని యుంటిమి. మేము తెలిపిన గరిష్ఠ ధర 4,000 రూపాయలు. గడువుకు అర నిమిషము ముందు వరకు మమ్ము మించినవారు లేరు. రేడియో మనదేయని ఇంట చెప్పితిమి కూడ. అంతలో ఎవ్వరో 4,100కు పాడిరి. మేము మరల పాడబోవునంతలో గడువు ముగిసెను. ఇది న్యాయమా?

మన యూళ్ల వేలములలో ఈ చిక్కు లేదు. ‘ఒకటోసారి, రెండోసారి’ యని కేకవేయువాడు నలుదెసలు చూచును. మూడోసారి యనకమునుపు ఎవరు నోరు విప్పినను లెక్క మొదటికి వచ్చును. గడువు కట్టిన వేలములోనే కాచుకొన్నవానికి చోటు దొరకును. ఇదియు క్రొత్త సంగతి కాదు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో కొవ్వొత్తి ముక్కను వెలిగించి, అది ఆరిపోవులోపల చివరగా పాడినవానికి సరకు నిచ్చెడివారు. 1662లో పాత ఓడల వేలమును చూచిన శామ్యూల్ పెపిస్ తన దినచర్యలో ఒక గడుసరిని గూర్చి వ్రాసినాడు. మంట ఆరు తరుణమున పొగ క్రిందికి దిగునట. దానిని కనిపెట్టి అతడు సరిగా అప్పుడే పాడెడివాడట!

1995లో అమెరికాలో ఆరంభమైన ఈబే వేలములకును గడువు స్థిరము. కాని మన గరిష్ఠ ధరను ముందే తెలిపినచో, ఇతరులను మించుటకు కావలసినంత మాత్రమే యంత్రము మన పక్షమున పెంచుచు పోవును. మన గరిష్ఠము 5,000, ఎదుటివానిది 3,000 అయినచో, 3,000కు కొంచెము పైన సరకు మనదగును. కనుక మనసులోని నిజమైన ధరను చెప్పినవానిని, అంతకంటె ఎక్కువ ఇచ్చువాడు తప్ప, ఆఖరి క్షణపు పాటగాడు ఓడింపజాలడు. మేము పాడిన చోటను ఇదే పద్ధతి. 6,000 ఇచ్చుటకు సిద్ధపడియు 4,000 అనుట మా తప్పే.

మరి ఎరిగినవారును ఆఖరున పాడుటేల? ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఈబేలో కంప్యూటర్లకంటె పురాతన వస్తువులకు ఇట్టి పాటలు హెచ్చు. నిపుణుడు ముందే పాడినచో, ఆ పాటయే వస్తువు మేలిమికి సాక్ష్యమై పదిమందిని పిలుచును. తన విద్యను తాను దాచుకొనుట మోసమని మేమనజాలము. పైగా ఆఖరి పాట సకాలమున చేరకపోవు ప్రమాదము అతనిదే.

అమెజాన్ సంస్థ ఒకప్పుడు నడిపిన వేలములలో, చివరి 10 నిమిషములలో పాట పడినచో గడువు దానంతట అది సాగెడిది. అచ్చట ఆఖరి పాటలు చాల తక్కువయని ఆ పరిశోధకులే చూపిరి. మన ‘మూడోసారి’కి ఇది యంత్రరూపము. గడువు అందరికిని తెలిసినదే గనుక కాచుకొన్నవానిని నిందింపలేము. కాని తన వస్తువు ఇంకెంత పలికియుండెడిదో అమ్మినవానికి తెలియకయే పోవును. అందుచేత మా మొగ్గు గడువు పొడిగింపు వైపే. రేడియో పోయిన కడుపుమంట ఇందు కొంత కలదని ఒప్పుకొందుము.